పడవ బొమ్మలోని కాలరు

ఫిబ్రవరి 4

వదినా,

కాలు ఎలా ఉంది? కట్టు లోపల దురద పెడుతోందని అన్నయ్య చెప్పాడు. అల్లిక సూది దూర్చి గోక్కుంటున్నావని కూడా చెప్పాడు. ఊళ్ళో విరిగిన ఎముకలన్నిటికీ ఎక్స్‌రేలు తీసి, మందలించి పంపే మనిషివి, నీ కాలి దగ్గరికొచ్చేసరికి ఇదేం పని?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానంటే కారణం అత్తయ్యే. మీ ఇంట్లో ఫోన్ మోగితే మీ అమ్మ కుట్టు మిషన్ ఆగిపోతుందని నాకు తెలుసు. ఈ సంగతి ముందు నీ ఒక్కదానికే చెప్పాలి.

మన ఆర్ట్ గ్యాలరీ మళ్ళీ తెరిచారు. మరమ్మతులని ఏళ్ళ తరబడి మూసి ఉంచారు కదా, ఇక తెరవరనే అనుకున్నాను. కాలేజీ నుంచి వస్తూ బస్‌స్టాప్ గోడ మీద పోస్టరు చూశాను. కింద అంతస్తులో కొత్తవాళ్ళ ప్రదర్శనలు, పైన పాత చిత్రాల గది. పాతవి వచ్చే నెలాఖరు వరకేనట, తర్వాత మళ్ళీ లోపల పెట్టేస్తారట. చివర్న చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లలో ‘పడవ, సాయంత్రం’ కనిపించింది. మన పడవ బొమ్మ.

ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయినా అక్కడే నిలబడ్డాను. నాన్న మనిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని నడిపించిన ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. ఆయన బొమ్మలు చూసింది తక్కువే. వారమంతా ప్రెస్సులో నిలబడి అక్షరాలు పేర్చే మనిషికి చల్లటి హాల్లో ఖాళీ బెంచీ దొరికితే చాలు. ఆయన కునుకు తీస్తుంటే మనం గదులన్నీ చుట్టేసేవాళ్ళం. సోమవారం పొద్దున్నే షాపుకి గౌన్లు అప్పజెప్పాలి కాబట్టి అత్తయ్య ఒక్క ఆదివారం కూడా మనతో రాలేదు. ఇంటికి రాగానే మిషన్ మీంచి తల ఎత్తకుండానే “ఇవాళ ఏం చూశార్రా?” అనేది. చూసిందంతా చెప్పేదాకా వదిలేది కాదు.

పడవలో కూర్చున్న ఆడమనిషి మెడ చుట్టూ ఉన్న కాలరు గురించి మనం చెబితే విని, కళ్ళతో చూడకుండానే కుట్టేసింది కదా. తర్వాత వీధిలో ఏ పిల్ల మెడ చూసినా అదే కాలరు.

అత్తయ్యని తీసుకొచ్చి చూపిస్తే? నీ కాలు ఇలా ఉండగా అడగడం సబబేనా అనిపిస్తోంది. అడక్కపోవడం సబబేనా అని కూడా అనిపిస్తోంది. నువ్వే తేల్చు.

నీ మరదలు

—

ఫిబ్రవరి 10

సందేహాల పుట్టకి,

సందేహపడమని జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఒక్కటే ఉంటే అది నీకే దొరికింది. తత్వశాస్త్రం క్లాసులో ఎంతైనా సందేహపడు కానీ, ఇలాంటి వాటికి నన్ను అడిగి ఉత్తరం దండగ చెయ్యకు. రమ్మని రాస్తే సరిపోయేది.

అమ్మకి చెప్పకుండా దాచడం నా వల్ల కాలేదు. కవరు చూడగానే వచ్చి మంచం పక్కన నిలబడింది. “ఏం రాసింది? పెళ్ళి చేసుకుంటుందటా?” అంది. లేదమ్మా, పడవ బొమ్మ మళ్ళీ పెట్టారట అన్నాను. మంచం అంచున కూర్చుంది. తర్వాత “కాలరు వెనక ముడి దగ్గర వాళ్ళేం చేశారో చూడాలే” అంది. అంతే. పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు.

నీకు గుర్తుందా, షాపాయన ఇంటికొచ్చి ఆ కాలరుకి తన షాపు లేబులు వేసుకుంటానని అడిగాడు. మామయ్య వద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. అమ్మ మాత్రం “నాదైతే కదండీ వద్దనడానికి? బొమ్మలోది. వేసుకోండి” అంది. ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే ఆ మాటే. తను సరిగ్గా దింపిందా లేదా అన్న బెంగ ఆవిడకి ఇన్నేళ్ళూ ఉందని నాకు మొన్ననే తెలిసింది.

కాబట్టి అమ్మ వస్తోంది. మీ అన్నయ్య రైలెక్కిస్తాడు, నువ్వు దింపుకో. ముందు నువ్వొకసారి వెళ్ళి అన్నీ చూసి రా. మెట్లు ఎలా ఉన్నాయి, కూర్చోడానికి ఉందా, బాత్రూములు ఎంత దూరం. ఆవిడ మోకాళ్ళ సంగతి తెలుసుగా. తెలియదని మాత్రం అనకు.

కాలు బాగానే ఉంది. నా ఎక్స్‌రే నన్ను తీసుకోనివ్వలేదు. కొత్తగా వచ్చిన కుర్రది తీసింది, వంకరగా.

వదిన

—

ఫిబ్రవరి 18

వదినా,

ఆదివారమే వెళ్ళాను. వేరే రోజు వెళ్ళబుద్ధి కాలేదు.

ముందు నువ్వడిగినవి. మెట్లు ఎత్తుగా లేవు, పక్కన పట్టుకోడానికి కమ్మీ ఉంది. కొత్తగా లిఫ్టు పెట్టారు కానీ అందులోంచి దిగేవాళ్ళ మొహాలు చూస్తే మెట్లే నయమనిపించింది. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. ప్రతి గదిలోనూ బెంచీ ఉంది, నాన్న కునుకు తీసిన బెంచీల్లాంటివి కావు, వీటికి ఆనుకునే వీపు లేదు.

కింద మొదటి గదిలో మూసేసిన దుకాణాల ఫొటోలు. తుప్పు పట్టిన షట్టర్లు, సగం ఊడిన పేర్లు. ఒకటి దర్జీ దుకాణం, అద్దం వెనక తల లేని బొమ్మకి సగం కుట్టిన కోటు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. రెండో గది అంతా చీకటి, మధ్యలో ఒక కుర్చీ, ఎవరో దగ్గుతూ ఉంటారు. ఆ దగ్గు ప్రదర్శనలో భాగమో, నా వెనక ఉన్నాయనదో తేల్చుకోలేక బయటికొచ్చేశాను. మూడో గదిలో పైకప్పు నుంచి నేలదాకా ఎర్ర దారాలు వేలాడదీశారు. అత్తయ్య చూస్తే “ఇంత దారం పాడు చేశారేం?” అంటుందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇక పైకి వెళ్ళాను. ఆ గది వాసన మారలేదు. చెక్క నేల కిర్రుమనడం కూడా మారలేదు. మన బొమ్మ కిటికీ పక్క గోడకే ఉంది. మనం అనుకున్నంత పెద్దది కాదు, రెండు చేతులూ చాపితే పట్టుకోవచ్చు. నది, ఒడ్డు, ఒడ్డుకి కట్టేసిన పడవ, నీళ్ళ మీద రాగి రంగు వెలుగు.

వదినా, పడవలో ఎవరూ లేరు.

దగ్గరగా వెళ్ళి చూశాను, దూరంగా వచ్చి చూశాను, పక్కకి జరిగి చూశాను. పడవ బల్ల మీద తాడు చుట్ట ఉంది, అంతే. ఆడమనిషీ లేదు, కాలరూ లేదు. ఒక ముసలాయన నన్ను అనుమానంగా చూసి ఆ గోడ వదిలి వెళ్ళిపోయాడు.

అత్తయ్య చూడాలనుకుంటున్నదే అందులో లేదు. ఇప్పుడేం చేద్దాం?

నీ మరదలు

—

ఫిబ్రవరి 23

అమ్మా ప్రొఫెసరమ్మా,

నువ్వు చూసింది వేరే బొమ్మ. నదులూ పడవలూ ఏ గ్యాలరీలోనైనా డజన్ల కొద్దీ ఉంటాయి. మామయ్య పక్కనుండగానే దారి తప్పి, ఎవరి కుటుంబంతోనో కలిసి గేటు దాకా వెళ్ళిపోయిన పిల్లవి నువ్వు. నీ మాట నమ్మి నా కళ్ళని కాదనుకోమంటావా? నా వృత్తేమిటో మర్చిపోయావా? ఫిల్ములో ఉన్నది చెప్పడం నా పని, లేనిది చెప్పడం నాకు రాదు. ఆవిడ పడవలో ఈ పక్కకి తిరిగి కూర్చుని ఉంటుంది. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఇంకో మాట. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. అమ్మ వచ్చి నాలుగు రోజులు నీ దగ్గర ఉండటం నీకు ఇబ్బందైతే సూటిగా చెప్పు. ఒంటరిగా ఉండటం అలవాటైపోయినదానివి, అర్థం చేసుకోగలను. దానికింత కథ అక్కర్లేదు.

వదిన

—

ఫిబ్రవరి 28

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. మొదట కోపమొచ్చింది. తర్వాత, నిజంగా నాకు ఇబ్బందిగా ఉందేమో, నాకే తెలియట్లేదేమో అని నన్ను నేనే తవ్వుకుంటూ కూర్చున్నాను. నన్ను ఏడిపించడానికి నువ్వు ఎప్పుడూ పెద్దగా కష్టపడక్కర్లేదు.

అత్తయ్య కోసం కిటికీ పక్క మంచానికి కొత్త దుప్పటి ఎప్పుడో వేశాను. వెలుగు బాగుంటే ఆవిడ ఏదో ఒకటి కుట్టుకుంటుందని బల్ల కూడా అటు జరిపాను. ఇంకా అనుమానముంటే వచ్చి చూసుకో, కుంటుతూ.

నిన్న మళ్ళీ వెళ్ళాను. అదే బొమ్మ. చట్రం కింద ఎడమ మూల పెచ్చు ఊడి ఉంటుంది గుర్తుందా? నువ్వు దాన్ని వేలితో తడుముతుంటే కాపలా ఆయన గదిమితే నాన్నకి మెలకువ వచ్చింది. ఆ పెచ్చు అలాగే ఉంది. పడవలో మనిషి ఎప్పుడైనా ఉండేదా, రంగు పూసి తీసేశారా అని ఆఫీసులో అడిగాను కూడా. అక్కడున్నావిడ పాత ఫొటో తీసి చూపించింది. అందులోనూ ఖాళీ పడవే.

మరి ఆ ఆడమనిషి ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను చెప్పిన గుర్తు లేదు. నువ్వు చెబుతుంటే విన్నాననే అనుకుంటున్నాను. కానీ ఆ మాట మీద కూడా నాకు గట్టి నమ్మకం లేదు.

మరదలు

—

మార్చి 6

చిట్టీ,

దుప్పటి సంగతి చదివి సిగ్గేసింది. మంచంలో పడి ఉండి ఉండి నోరు కూడా విరిగినట్టుంది. మనసులో పెట్టుకోకు.

నువ్వు చెప్పావనే నేనూ అనుకుంటున్నాను. నిన్న మధ్యాహ్నం కళ్ళు మూసుకుని ఆ సాయంత్రాలు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మనం కింద చాప మీద, బొత్తాల డబ్బా మన మధ్యన. మామయ్య పేపరు. మీ అమ్మ బట్టలు మడతపెడుతూ మధ్యమధ్యలో నవ్వేది. అమ్మ పాదం మిషన్ మీద, కళ్ళు సూది మీద. ఆవిడ ఒక్కో ప్రశ్నా అడుగుతూ ఉండేది. విచిత్రమేమిటంటే అమ్మ గొంతు ఇప్పటికీ వినిపిస్తోంది, మన జవాబులే వినిపించట్లేదు.

పన్నెండో తారీకు రైలుకి టికెట్ తీశాం. అమ్మ పెట్టె సర్దేసుకుంది. మొట్టమొదట కుట్టిన కాలరు, ఆ తెల్లది, ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టి పెట్టుకుంది. బొమ్మ పక్కన పట్టుకుని పోల్చి చూసుకుంటుందట.

నాకోసం ఒక పని చెయ్యి. చూపించకు. పై గది ఆ రోజు మూసేశారని చెప్పు. కింద ఆ దారాలవీ చూపించి, కాఫీ తాగించి తీసుకొచ్చెయ్. జీవితమంతా ఎవరెవరి కొలతలకో కుట్టింది అమ్మ. ఎక్కడో గొప్ప బొమ్మలో ఉన్నదాన్ని తన చేత్తో దింపానన్న సంతోషం ఒక్కటే ఆవిడది. దాన్ని మనం లాక్కోవద్దు.

ఇక్కడ నేనేం మాట్లాడినా వింటుంది కాబట్టి ఫోన్ చెయ్యను. నువ్వూ చెయ్యకు.

వదిన

—

మార్చి 16

వదినా,

అత్తయ్యని ఈ పొద్దున్నే రైలెక్కించాను. నీకు ఈ ఉత్తరం కంటే ముందే చేరుతుంది. నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేకపోయాను. ఏం జరిగిందో రాస్తాను, తిట్టదలిస్తే చదివాక తిట్టు.

గ్యాలరీకి వెళ్ళేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, తన సంచీ పట్టుకుంది. నేను కింద గదుల్లోనే వీలైనంత ఆలస్యం చేశాను. ఫొటోల్లో దర్జీ దుకాణం చూసి “ఈ కోటుకి చంక సరిగ్గా కుదర్లేదు, అందుకే వదిలేసి ఉంటాడు” అంది. చీకటి గదిలో దగ్గు వినపడగానే కుర్చీ వైపు తిరిగి “కాసిని మంచినీళ్ళు తాగండి” అంది. అక్కడున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తారు. దారాల గదిలో మాత్రం నేననుకున్నట్టు అనలేదు. మధ్యలో నిలబడి తలెత్తి చూస్తూ ఉండిపోయింది. “ఒక్కటి కూడా చిక్కుపడలేదే” అంది, గౌరవంగా.

బయటికొచ్చాక “అత్తా, పై గది ఇవాళ మూసేశారేమో” అన్నాను.

“ఎవరన్నారు? అందరూ పైకే వెళ్తున్నారుగా” అంది. అప్పటికే ఒక మెట్టు ఎక్కేసింది.

ఆ గదిలో తనే బొమ్మ కనిపెట్టింది. మనం చెప్పిన వెలుగుని బట్టి గుర్తుపట్టానంది. ముక్కు తగిలేంత దగ్గరగా వెళితే గది చూసుకునే అమ్మాయి వెనక్కి జరగమంది. జరిగింది. సంచీలోంచి కాగితం పొట్లం తీసి, విప్పకుండా చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడింది.

“మనిషేదే?” అంది.

అప్పుడైనా ఏదో ఒకటి చెప్పొచ్చు. ఇది వేరే బొమ్మ అత్తా, మనది ఇంకెక్కడో ఉంది అనొచ్చు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. “లేదత్తా” అన్నాను.

“తీసేశారా?”

“ఎప్పుడూ లేదు.”

బెంచీ మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. పొట్లం ఒళ్ళో పెట్టుకుని “పడవలో ఎవరూ లేరా అని నేనే అడిగాను” అంది. “ఖాళీ పడవని అంతసేపు ఎలా చూశార్రా, ఎవరో ఉండే ఉంటారు అన్నాను. ఉన్నారన్నారు. ఆడమనిషేనా అన్నాను. అవునన్నారు. ఏం తొడుక్కుందంటే తెలీదన్నారు. మెడ దగ్గర ఇలా ఉందా అని నేను చూపిస్తే తలూపారు. అలా ఉందా అన్నా తలూపారు. నిద్ర ముంచుకొస్తోంది మీకు. అప్పుడే తెలియాల్సింది నాకు.”

“మరి ఆ కాలరు…” అన్నాను.

“అదే అనుకుంటున్నాను” అంది.

మళ్ళీ తనే, “అడిగినవాళ్ళందరికీ నాది కాదన్నాను. మీ నాన్న వద్దంటున్నా ఆ షాపాయనకి ఇచ్చేశాను. ఆయన లేబులు వేసుకుని, అది తన ఆలోచనేనని చెప్పుకున్నాడు. విని ఊరుకున్నాను. ఎవరిదైతేనేం, నాది కాదుగా అని” అంది.

పొట్లం విప్పనేలేదు. మళ్ళీ సంచీలో పెట్టేసింది. కాఫీ వద్దంది. ఇంటికొచ్చాక కిటికీ పక్క కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంది. నేను వేసిన బల్ల వైపు కన్నెత్తి చూడలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఈ పొద్దున రైలు కదిలినప్పుడు నేను చెయ్యి ఊపితే ఆవిడ తల వంచుకునే ఉంది.

ఆవిడ సంతోషాన్ని తీసేసుకున్నాను వదినా. దాని బదులు ఇచ్చిందల్లా, ఎప్పుడో చేజార్చుకున్నది తనదేనన్న సంగతి. నిజం చెప్పడం మంచిదని క్లాసులో ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఆ బెంచీ మీద మాత్రం అంత నమ్మకంగా అనిపించలేదు. ఎలా ఉందో వెంటనే రాయి.

మరదలు

—

మార్చి 21

చిట్టీ,

తిట్టడానికే కూర్చున్నాను కానీ తిట్టాల్సిన సంగతి మిగల్లేదు.

ముందు ఆ చెయ్యి ఊపని విషయం. రైలు కదిలేసరికి అమ్మ చేతులు ఖాళీగా లేవట. ఎదురు సీట్లో అమ్మాయి దగ్గర గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెర అడిగి తీసుకుందట. ఆ అమ్మాయి దిగాల్సిన స్టేషన్ దాకా అది తిరిగివ్వలేదట కూడా. మీ అన్నయ్య స్టేషన్‌కి వెళ్ళేసరికి ఒళ్ళో కాలరు, చీరంతా తెల్ల దారప్పోగులు. ఆయన కంగారుపడి “ఏమైందత్తయ్యా?” అంటే “ఏమీ కాలేదు నాయనా, ముందు ఈ పోగులు దులుపు” అందట.

ఇంట్లోకి వస్తూనే నా మంచం దగ్గరికి వచ్చింది. నీ గురించి చెప్పలేదు, బొమ్మ గురించి చెప్పలేదు. “మెడ ఇటు తే” అంది. కాలరు నా మెడకి పెట్టి చూసింది. భుజం దగ్గర మడతలు రెండుండేవి గుర్తుందా? పైన ఒకటి, దాని కింద ఇంకోటి. కింది మడత లేదు. కుట్టు విప్పేసింది. అది లేకపోయేసరికి బట్ట భుజం మీదికి ఎంత హాయిగా జారిందంటే, అద్దం అడిగి తెప్పించుకుని చూసుకున్నాను. ఇన్నేళ్ళూ అక్కడేదో బరువుగా ఉందని నాకు ఎన్నడూ తోచలేదు.

“ఆ రెండో మడత నాకు మొదట్నుంచీ నచ్చలేదే” అంది అమ్మ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. “ఒకటా రెండా అని అడిగితే రెండన్నారు మీరు. బొమ్మలో ఉన్నదాన్ని తీసేయడానికి నేనెవర్ని అని ఉంచాను. కుట్టిన ప్రతిసారీ చిరాకే.”

“షాపాయన మీద కోపం రావట్లేదా?” అన్నాను.

“ఎందుకు రాదు, రైల్లో దార్లో సగం వరకూ వచ్చింది” అంది. “ఆయన పట్టుకుపోయింది రెండు మడతలది. పోనీ.”

వచ్చిన మర్నాటి నుంచీ మిషన్ ఆగలేదు. నేను ఫోన్ ఎత్తినా ఆపట్లేదు, ఆ లెక్కన ఇకమీదట నువ్వు ఫోనే చేసుకోవచ్చు. నీ మెడ కొలత పంపమంది. టేపు బిగించి పట్టుకోకుండా, ఒక వేలు లోపలికి దూరేటట్టు కొలవమంది. కాలరు లోపలి వైపు దారంతో తన పేరు కుడుతుందట, బయటికి కనపడదులే అంది. బయటికే కుట్టమన్నాను.

ఆలోచిస్తానంది.

వదిన